నవ్వొద్దన్న హకీం

మర్గిలాన్
హిజ్రీ 1251, జమాదిస్సానీ నెల, ఖర్బూజాలు అటకెక్కించే రోజులు

ఖోజెంద్‌లో నాడి పట్టుకుని లోకాన్నంతా నిలబెడుతున్న మా బావమరిది మహ్కం హకీంకి, మీ అక్క మొగుడు నార్కూజీ సలాం.

ముందు ఇంటి సంగతులు. మీ అక్క అంబర్ బాగుంది. నన్ను తిట్టే ఓపిక ఇసుమంతైనా తగ్గలేదు కాబట్టి బాగుందనే అనుకుంటున్నా. గాడిద బాగుంది. ఈ ఏడు ఖర్బూజాలు తేనె ఊటలు. నీకు రెండు పంపిస్తున్నా. బండివాడి బుగ్గలు చూస్తే మాత్రం ఒకటే చేరేట్టుంది. అడిగితే రెండోది దార్లో పగిలిందంటాడు, నమ్మినట్టు మొహం పెట్టు.

నేను బళ్ళో ఎక్కువ కాలం కూర్చోలేదు, మొల్లా బెత్తానికీ నాకూ పడలేదు, నీకు తెలిసిందే. నా రాత ఎప్పుడూ కోడి కెలికినట్టే ఉంటుంది. ఈసారి ఇంకా పెద్ద కోడి కెలికినట్టుంది కదా? ఎందుకో చెప్తా.

కుడికన్నులో పొగ. మా ఇంట్లో ఎవరో పొయ్యి ఆర్పడం మర్చిపోయినట్టు పొద్దస్తమానం పొగ. దీపం చూస్తే దాని చుట్టూ బండిచక్రం తిరుగుతూ ఉంటుంది. మొన్న బజార్లో తెల్లగడ్డం పెద్దాయన కనిపిస్తే గుండె మీద చెయ్యి వేసుకుని సలాం చేసి, పిల్లాజెల్లా బాగున్నారా అని అడిగా. పక్కనే ఉన్న ఖోల్మత్ "ఒరే, అది ఉప్పమ్మేవాడి మేకరా" అన్నాడు. మేక మాత్రం చాలా మర్యాదగా నిలబడింది. మీ ఖోజెంద్ వాళ్ళకంటే నయం.

ఎడమకన్ను సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బజార్లో సూదివాడు పొడిచాడు, పోయింది. ఇక ఈ ఒక్క కన్నే నా కొట్టు, నా ముల్లె. పట్టుపోగులు మగ్గానికి పోకముందే నేను వాటిని వరసగా బిగించి, వాటి మీద మసితో పువ్వూ బాదంకాయా గీస్తాను. ఆ గీత చూసి సాతీబల్దీ ముడులు కడతాడు. ఆ ముడులు చూసి ఖోల్మత్ రంగులో ముంచుతాడు. నా గీత పోతే వెనకాల వీధంతా పోయినట్టే.

ఇప్పుడు కాష్గర్ నుంచి ఇంకో సూదివాడు దిగాడు. కూర్చోబెట్టిన చోటే చూపు తెప్పిస్తానంటున్నాడు. పోనా, వద్దా? తొందరగా చెప్పు.

మేకకి సలాం చేసిన
నార్కూజీ

*

ఖోజెంద్
1251, రజబ్ నెల, నది మీద పొద్దున్నే మంచు

పట్టునేతగాళ్ళ వీధిలోని పూజ్యులు బావగారు నార్కూజీకి మహ్కం సలాం. అక్కకి నా నమస్కారాలు.

ఖర్బూజా అందింది. ఒకటే. బండివాడు రెండోది దార్లో పగిలిందన్నాడు.

పోవద్దు. మొట్టమొదటి మాట అదే. ఆ కాష్గర్ మనిషి దగ్గరికి పోవద్దు.

మీ కంట్లో నీరు దిగింది. అది ముందు పల్చగా ఉంటుంది, తర్వాత పెరుగు తోడుకున్నట్టు గట్టిపడి పొర అవుతుంది. పచ్చిపొరని సూది తాకితే చెదిరిపోయి కన్నంతా నిండుతుంది. మీ ఎడమకన్నుకి జరిగింది అదే. పండిన పొర అయితే సూదితో మెల్లగా ఒక పక్కకి నెట్టి కిందికి దించవచ్చు. కాబట్టి పండేదాకా ఆగాలి.

పండిందో లేదో చూసుకునే పద్ధతి ఇది. కన్ను మూసి, రెప్ప మీద బొటనవేలితో మెల్లగా రుద్ది, చటుక్కున తెరవండి. అక్కని దగ్గర్నుంచి చూడమనండి. నల్లగుడ్డులో పొర చెదిరి మళ్ళీ కలుసుకుంటే ఇంకా పచ్చి. కదలకుండా ఉంటే పండింది. అప్పుడు కూడా ఎండకీ నీడకీ తేడా మీకు తెలుస్తుండాలి. అది తెలియకపోతే సూదితో లాభం లేదు.

అప్పటిదాకా పథ్యం. పెరుగు, చేప, గొడ్డుమాంసం, పప్పు, పచ్చి ఉల్లిపాయ వద్దు. ఇవన్నీ చల్లవి, తలలో నీరు పెంచుతాయి. గొర్రెమాంసం జీలకర్రతో, ఎండుద్రాక్ష, తేనెలో సోంపు. రాత్రి కడుపునిండా తినకండి. ఖోల్మత్ రంగుబట్టీ పొగ దగ్గర కూర్చోకండి.

సూది పడ్డాక ఏడు రోజులు వెల్లకిలా పడుకోవాలి, కళ్ళకి కట్టు. దగ్గకూడదు, తుమ్మకూడదు, గట్టివి నమలకూడదు. నెల తిరిగేదాకా నవ్వకూడదు. కుదుపు తగిలితే కిందికి దించిన పొర మళ్ళీ పైకి లేస్తుంది.

ఒక సంగతి అడగాలి. మేకకి సలాం చేశానన్నారు. అది నిజంగా జరిగిందా, హాస్యానికి రాశారా? నిజమైతే వ్యాధి లక్షణాల్లో కలుపుకోవాలి. హాస్యమైతే వదిలేస్తాను.

మీ మేలు కోరే
మహ్కం

*

మర్గిలాన్
1251, షాబాన్ నెల, పొయ్యి చుట్టూ కూర్చునే రోజులు

మా హకీం బావమరిదికి సలాం.

నీ ఉత్తరం మా గురువారం గప్‌లో చదివించాం. మా గప్ నీకు తెలుసుగా, వారానికో ఇంట్లో వంతులవారీగా చేరి, పలావు తిని, తెల్లారేదాకా ఒకళ్ళనొకళ్ళు ఏకిపారేసుకోవడం. ఆ వారం ఖోల్మత్ వంతు. పెరుగు వద్దన్న చోట అందరూ అయ్యో అన్నారు. ఉల్లిపాయ వద్దన్న చోట ఇంకా అయ్యో అన్నారు. "నెల తిరిగేదాకా నవ్వకూడదు" అనేసరికి సాతీబల్దీ టీగిన్నె ఒలకబోసుకున్నాడు. "నార్కూజీని నవ్వొద్దనడం చేపని ఒళ్ళు తడవకుండా ఈదమన్నట్టుందిరా" అన్నాడు.

నాకు అర్థమైందిరా బావమరిదీ. ఇన్నాళ్ళకి బదులు తీర్చుకున్నావు.

నువ్వు చదువు ముగించుకుని కొత్తగా మా ఇంటికొచ్చిన రోజు మర్చిపోయావనుకున్నా. ఆడవాళ్ళ నాడి తెరచాటునుంచి చూడ్డం నేర్చుకున్నానని ఎంత గొప్పలు పోయావు! మీ అక్కకి నలతగా ఉంది చూడమని, తెర వెనక మీ అక్క గాజులు తొడుక్కుని నా చెయ్యి బయటపెట్టా. నువ్వు కళ్ళు మూసుకుని, మూడువేళ్ళు పెట్టి, చాలాసేపు ఆలోచించి, "అక్కా, శుభవార్త, మూడోనెల" అన్నావు. ఆ బిడ్డ ఇంకా పుట్టలేదురా, మోస్తూనే ఉన్నా. అందుకే నా పొట్ట ఇలా ఉంది.

సరే, బదులు బాగా తీర్చుకున్నావు, ఒప్పుకున్నా. ఇప్పుడు అసలు పథ్యం రాయి.

కాష్గర్ వాడి దగ్గరికి వెళ్ళా. ఆగు, తిట్టకు. పోయిన ఎడమకన్ను చూపించి "ఇది బాగవుతుందా?" అని అడిగా. "రేపు పొద్దున్నకి సూదిలో దారం ఎక్కిస్తావు" అన్నాడు. అప్పుడే లేచొచ్చేశా.

మేక నిజం.

నార్కూజీ

*

ఖోజెంద్
1251, షాబాన్ నెలాఖరు

బావగారికి మహ్కం సలాం.

నేను హాస్యమాడలేదు. నాకు హాస్యం రాదని మీరే పదిమందిలో చాలాసార్లు అన్నారు. నవ్వకూడదు అంటే నవ్వకూడదనే.

మా ఊళ్ళో చర్మకారుడొకడికి నిరుడు నేనే సూది వేశాను. పొర చక్కగా దిగింది. మూడోరోజు వాళ్ళావిడ గదిలో మిరియాలు దంచింది. ఒక్క తుమ్ము. అంతే.

పట్టుపురుగులు మేసే తూతచెట్లు చిగురేశాక, ఎండలు ముదరకముందు, నేనే వస్తాను. చీకటిగది ఒకటి సిద్ధం చెయ్యండి. ఆ నెల మీ గప్ వంతు ఇంకొకరికి ఇచ్చెయ్యండి. పరామర్శలు వద్దు.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. అంతా సవ్యంగా జరిగితే మనుషులు, దారి, రంగులు కనిపిస్తాయి. పోగు కనిపించదు. పొర తీసిన కన్ను దగ్గరి సన్నదాన్ని పట్టుకోలేదు. తర్వాత నన్ను అనవద్దు.

ఆనాటి నాడి విషయం. ఆ చెయ్యి వెచ్చగా, మెత్తగా, కొవ్వుతో ఉంది. నాడి నిండుగా, జారుతూ నడిచింది. పుస్తకం ప్రకారం అది మూడోనెలే. తప్పు నాది కాదు.

మహ్కం

*

మర్గిలాన్
1251, జిల్‌హజ్ నెల, నేరేడురంగు మబ్బులు, బురద

బావమరిదికి సలాం. చేతిరాత మారింది చూడు. ఇది మీ అక్కది. నాకు కాగితం ఎక్కడ మొదలై చాప ఎక్కడ ముగుస్తుందో తెలియట్లేదు. చిన్నప్పుడు మీ అక్కని ఆడపిల్లల పంతులమ్మ దగ్గర చదివించారంటే అప్పట్లో మీ నాన్నని ఎగతాళి చేశా. ఆయన గోరీ దగ్గరికెళ్ళి ఒక మాట చెప్పి రావాలి.

రెప్ప రుద్ది చూశాం. చెదరట్లేదు, పాలమీగడ గడ్డకట్టినట్టుందంటోంది. ఎండా నీడా తెలుస్తున్నాయి. పండిందిరా. కోతకి రా.

పోగు కనబడదన్నావు. హకీంలంతా బేరగాళ్ళలాగే ముందు తక్కువ చెప్తారని నాకు తెలుసు. ఆ తర్వాత కాస్త ఎక్కువ వస్తే మెప్పు కొట్టెయ్యొచ్చుగా. కానివ్వు.

ఇప్పుడొక మాట రాయమంటున్నా, మీ అక్క కలం ఆపి నన్ను చూస్తోంది. రాయవే.

మొన్న పసుపుపచ్చ మీద దానిమ్మపువ్వు గీత ఒకటి పూర్తిచేశా. నాకైతే బాగానే వచ్చిందనిపించింది. తర్వాత తెలిసింది, మూడునెలలుగా నా గీతలు చెరిపేసి సాతీబల్దీయే మళ్ళీ గీసుకుంటున్నాడట. నాకు ఒక్కడూ చెప్పలేదు. అది సరే, వాడు మంచోడు కాబట్టి చేశాడు. నన్ను పొడిచింది అది కాదు. గప్‌లో నన్ను ఏకడం మానేశారురా. మొన్న గురువారం నేను ఖోల్మత్ పొట్ట మీద ఒకటి వేశా. వాడు తిరిగి నా మేకని ఎత్తుకోవాలా, వద్దా? "బాగుంది నార్కూజీ అన్నా, బాగుంది" అని నా గిన్నెలో టీ పోశాడు. అన్నా అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో వాడు నన్ను అన్నా అన్లేదు. వేలితో గిన్నె అంచు వెతుక్కుంటుంటే నా చెయ్యి పట్టి గిన్నె మీద పెట్టాడు. చచ్చినవాడి గురించి చెడు మాట్లాడరు చూడు, అలా ఉన్నారు నా దగ్గర.

కాబట్టి వచ్చెయ్. సూది తెచ్చుకో.

నార్కూజీ

తమ్ముడూ, అంబర్‌ని. పైనున్నదంతా ఆయన చెప్పినట్టే రాశాను, హాస్యం ఏదీ కలపలేదు. పెరుగు మాత్రం తింటున్నాడు. అటక మీద దాక్కుని తింటాడు. గుడ్డివాడు కదా, నేను కింద నిలబడి చూస్తుంటానని తెలియదు.

*

కానిబదామ్ సత్రం నుంచి
1252, ముహర్రం నెల, దారిమధ్యలో

అక్కకి, బావగారికి మహ్కం.

మూడోరోజే మిమ్మల్ని వదిలి వచ్చేసినందుకు నొచ్చుకోకండి. మా ఊరేలే బేగ్‌గారి తల్లి పడిపోయిందని గుర్రాల మీద మనుషుల్ని పంపితే కాదనలేను. నోటితో చెప్పినవి మళ్ళీ కాగితం మీద పెడుతున్నాను.

పొర బాగా దిగింది. సూది తీసేటప్పుడు బావగారు నా మూడువేళ్ళు చెప్పారంటే వెలుతురు లోపలికి వెళ్ళిందనే. (నాలుగు చూపించి ఉంటే నాలుగోనెల అనేవాడివి అన్నారు, అది వదిలెయ్యండి.) కానీ నిలబడాలి. పొర ఇప్పుడు నీళ్ళలో మునిగిన ఆకులాంటిది. కుదిపితే లేస్తుంది.

అక్కా, కట్టు ఎనిమిదోనాటి పొద్దున నువ్వే విప్పు, తలుపు కొద్దిగా తెరిచి. మాంసం కాచిన శోర్బా మాత్రమే, గరిటెతో. రొట్టె నానబెట్టి. ఇంట్లో మిరియం కనబడకూడదు. ఆయన్ని నవ్వించవద్దు, ఆయన తనని తాను నవ్వించుకోకుండా కూడా చూడు. గప్ వాళ్ళకి చెప్పు, రావద్దని. వచ్చినా హాస్యాలాడకూడదని.

మహ్కం

*

మర్గిలాన్
1252, ముహర్రం నెల

బావమరిదికి సలాం. రాత మీ అక్కది, మాట నాది, కళ్ళకి కట్టు ఇంకా అలాగే ఉంది.

నవ్వానురా.

ఎలా జరిగిందో చెప్తా, తర్వాత తిట్టు. నువ్వు వెళ్ళిన మర్నాడే గప్ మొత్తం వచ్చింది. మీ అక్క గుమ్మంలో అడ్డంగా నిలబడింది. కానీ జబ్బుమనిషిని చూడ్డానికొచ్చినవాళ్ళని గడప అవతల్నుంచి పంపేస్తే వీధిలో తలెత్తుకు తిరగగలమా? చూసిపోవడం పుణ్యం, పంపేయడం పాపం. "హాస్యం ఆడం వదినా, నోరే విప్పం, దువా చేసి వెళ్ళిపోతాం" అని ఖోల్మత్ ఒట్టేశాడు. ఒట్టు నిలబెట్టుకున్నారు. అదే కొంప ముంచింది.

లోపలికి వచ్చారు. ఒక్క మాట లేదు. జీవితంలో మొదటిసారి ఆ మందంతా కలిసి నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. చీకట్లో పడుకున్న నాకు వాళ్ళ ఊపిరి వినిపిస్తోంది, వాళ్ళు బిగబట్టుకోవడం వినిపిస్తోంది. నేను పెదాలు కొరుక్కుంటున్నా. చచ్చిపోయిన మా మేనమామని తలుచుకున్నా. పోయిన ఎడమకన్నుని తలుచుకున్నా. పర్లేదు, గట్టెక్కుతానే అనుకున్నా.

మా గప్‌లో అందరికంటే పెద్దాయన దువా మొదలుపెట్టాడు. నాకు కుదుపు తగలకూడదని గుసగుసగా చేస్తున్నాడు. అందరూ చేతులు పైకెత్తారు. ఎక్కడిదాకా వచ్చిందో, ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ వినబడదు. అంతలో ఖోల్మత్ కడుపు అరిచింది. ఒంటె లేవనని మొరాయించినట్టు సాగదీసి, చివర్న ఒక మెలిక తిప్పి, దిగింది. పెద్దాయన దువా ముగించాడనుకుని సాతీబల్దీ గట్టిగా, భక్తిగా "ఆమీన్!" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా "ఆమీన్" అని మొహాల మీద చేతులు తుడుచుకున్నారు. అన్ని గడ్డాలూ ఒక్కసారి సర్రుమన్నాయి.

ఇప్పుడు నువ్వు చెప్పు. నువ్వైతే ఏం చేస్తావు?

పొట్ట ఎగిరింది, తల ఎగిరింది, మంచం ఎగిరింది. వాళ్ళంతా నా మీదపడి నా తల పట్టుకుని "నవ్వకురా, నవ్వకురా" అని ఏడుస్తూ నవ్వుతున్నారు. కంట్లో ఏదో కదిలింది. చేప తిరిగినట్టు. ఇప్పుడు లోపల నొప్పిగా ఉంది.

కట్టు విప్పలేదు. ఎనిమిదోరోజు దాకా విప్పను. ఏమవుతుందో రాయి.

నార్కూజీ

*

ఖోజెంద్
1252, ముహర్రం నెలాఖరు

బావగారికి, అక్కకి మహ్కం సలాం.

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. మొదటిసారి చదివి జీను బిగించమన్నాను. రెండోసారి చదివి విప్పెయ్యమన్నాను. కడుపు అరిస్తే ఆమీన్ అనడం మీరు కల్పించే కథలాగే ఉంది. కంట్లో చేప తిరగడం మాత్రం కల్పించే కథలా లేదు. ఏది నిజమో, ఏది నన్ను ఉడికించడానికి రాసిందో నాకు తెలియట్లేదు. వెనకటికి మీకు గుండె ఆగిందని నాకు కబురు పంపి, నేను రెండు గుర్రాలు మార్చుకుని వస్తే, పెరట్లో గాలిపటం ఎగరేస్తూ కనిపించారు.

బేగ్‌గారి తల్లికి బాగాలేదు. ఉత్తపుణ్యానికి ఆవిడని వదిలి రాలేను. నిజమైతే మాత్రం వచ్చి తీరాలి, పైకి లేచిన పొరని ఒక్కసారి, ఒకే ఒక్కసారి మళ్ళీ దించవచ్చు. అది కూడా తొందరగా.

అక్కా, రాసేది నీ చెయ్యే అయినా చెప్పేది ఆయన నోరు. అందుకని ఒకటి అడుగుతున్నాను. జవాబులో నిజం ఉంటే కింద అమ్మ పేరు రాయి. మన ఇంట్లో అమ్మ పేరుతో ఎవరూ హాస్యమాడలేదు, బావగారు కూడా.

మహ్కం

*

మర్గిలాన్
1252, సఫర్ నెల, తూతపళ్ళు రాలుతున్నాయి

ఒరే మహ్కం,

చూశావా రాత? కోడి తిరిగొచ్చింది. ఒక్కో అక్షరం కోడిపెట్టంత రాశా, లేకపోతే నాకు ఆనదు. సగం మాటలకే కాగితం అయిపోయింది, వెనకవైపు తిప్పి చదువుకో.

ఎనిమిదోరోజు మీ అక్క కట్టు విప్పింది. ముందు తెల్లగా, తర్వాత ఎర్రగా. ఆ ఎరుపు మీ అక్క తలగుడ్డ. తర్వాత దాని కింద మొహం. ఏడుస్తోంది, ముక్కు కూడా ఎర్రగా ఉంది. "ముసల్దానివైపోయావేమే" అన్నా. గరిటెతో కొట్టింది. చూపు వచ్చిందని అప్పుడు నమ్మింది.

పొర పూర్తిగా లేవలేదు. నీ చెయ్యి గట్టిదే. పైన ఒక మూల మాత్రం నెలవంకలా వేలాడుతోంది, ఆకాశం చూస్తే అడ్డం వస్తుంది. అది నవ్వినందుకు జరిమానా. దానికి ఖోల్మత్ కడుపు అని పేరు పెట్టాం. నువ్వు రావక్కర్లేదు, ఆ ముసలమ్మని చూసుకో. దీన్ని మళ్ళీ పొడిపించుకోను, ఉన్నది చాలు.

పోగు కనబడలేదు. దగ్గరికి పెట్టి చూశా, చెయ్యి చాపి చూశా, మీ అక్కని పట్టుకోమని గుమ్మంలోంచి చూశా. దూది. అంతా దూది. నువ్వు ముందే చెప్పావు, నేను నమ్మలేదు. నేను చెప్పింది నువ్వు నమ్మలేదు. చెల్లుకి చెల్లు. రెండురోజులు కొట్టుకి పోలేదు. ఆ సంగతి ఇంక రాయను.

గప్‌కి మాత్రం పోయా. నా వంతు ఎగ్గొట్టానని నా మీదే పడేశారు, పలావు ఖర్చంతా. కూర్చున్నానో లేదో ఖోల్మత్ మొదలెట్టాడు. "వచ్చావా, రా రా. ఉప్పువాడి మేక నిన్ను అడిగింది, మా పెద్దమనిషి ఈ మధ్య సలాం చెయ్యట్లేదేమిటని బెంగపెట్టుకుంది" అన్నాడు. తర్వాత సాతీబల్దీ, తర్వాత అందరూ. తెల్లారేదాకా ఏకారు. నా జన్మలో అన్ని తిట్లు తినలేదు. నవ్వలేదురా, నెల తిరగలేదుగా. దవడ బిగబట్టుకుని కూర్చున్నా, చెంపల మీద నీళ్ళు కారుతూ.

నిజమే అని ఇక్కడ సంతకం పెడుతున్నా. నువ్వడిగిన పేరు మీ అక్క రాస్తానంది, నేనే లాక్కుని రాశా. మా అత్తగారు, నన్ను ఒక్కనాడూ తిట్టనిది:

హనీఫా

*

మర్గిలాన్
1252, రబీ ఉస్సానీ నెల, వేడి

బావమరిదికి సలాం.

బండివాడితో ఒక అంగీ పంపిస్తున్నా. తినేది కాదు కాబట్టి నీదాకా చేరుతుంది.

దీని కథ చెప్తా. దగ్గర్నుంచి చూడలేకపోతే దూరంగా నిలబడదాం అనుకున్నా. పొడుగాటి రెల్లుకర్ర చివర మసిగుడ్డ కట్టించుకుని, గోడకి ఆనుకుని నిలబడి, అక్కణ్ణుంచి పోగుల మీద గీశా. సన్నపువ్వులు రాలేదు. బాదంకాయ గీస్తే గుమ్మడికాయంత వచ్చింది. దానిమ్మ గీస్తే తిరగలిరాయంత వచ్చింది. సాతీబల్దీ చూసి "ఇది ముడులు కట్టడానికా, మంచాలు అల్లడానికా?" అన్నాడు. అయినా కట్టాడు. ఖోల్మత్ ఎర్రటి ఎరుపులోనూ పసుపులోనూ ముంచాడు. నేసినవాడు మగ్గం దిగొచ్చి దూరం నుంచి చూసి వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు. మా వీధిలో కొందరు ఛీ అన్నారు. పెళ్ళి కావాల్సిన పిల్లలున్న ఇద్దరు ఆడవాళ్ళు ఇంకొకటి కావాలన్నారు. చూద్దాం.

మొదటిది నీదే. వేసుకో. నువ్వెప్పుడూ ఆ బూడిదరంగుది వేసుకుని చావుకబురు చెప్పడానికొచ్చినవాడిలా ఉంటావు. ఇది వేసుకుంటే నది అవతలి ఒడ్డు నుంచే కనిపిస్తావు. పారిపోవాలనుకున్న రోగులకి కాస్త వ్యవధి దొరుకుతుంది.

పెరుగు తింటున్నా, దాచుకోకుండానే.

నార్కూజీ

*

ఖోజెంద్
1252, జమాదిల్ అవ్వల్ నెల, ఖర్బూజాలు వస్తున్నాయి

బావగారికి మహ్కం సలాం. అక్కకి నమస్కారాలు.

అంగీ అందింది. మూట విప్పగానే మా పిల్లి కప్పెక్కింది, మర్నాటిదాకా దిగలేదు. మా ఆవిడ దాన్ని గోడకి వేలాడదీద్దామంది. మీరు వేసుకోమన్నారు కాబట్టి వేసుకున్నాను.

వేసుకుని బేగ్‌గారి తల్లిని చూడ్డానికి వెళ్ళాను. పడ్డ దెబ్బ తగ్గింది, లేచి కూర్చుంటోంది. ఆవిడ కళ్ళలో రెండేళ్ళుగా నీరు దిగుతోంది, ఈసారి పొర పండిందేమోనని సూది తీసుకునే వెళ్ళాను. ఆవిడ తెర పక్కకి లాగి నన్ను చూసి, "ఇదేమిటమ్మా, ఖర్బూజా పాదు నడిచొస్తోంది!" అని పడీపడీ నవ్వింది. ఆవిడ నవ్వి ఎన్నాళ్ళైందోనని దాసీలు కళ్ళొత్తుకున్నారు. సూది సంచీలోనే ఉంచి, ఇంకా పచ్చిగానే ఉంది, వచ్చే వసంతంలో చూద్దామని వచ్చేశాను.

నిన్న ఒక కుమ్మరిని చెయ్యిపట్టి తీసుకొచ్చారు. అంగీ వేసుకుని ఎదురుగా నిలబడ్డాను. ఇటు తిరిగాను, అటు తిరిగాను. వెంట వచ్చిన కొడుకు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు. ముసలాయన మొహంలో ఏమీ కదలలేదు. "హకీంగారు వచ్చారా?" అని అడిగాడు. రేపు పొద్దున ఎండ పడకముందే ఆయనకి సూది.

రెప్ప రుద్ది చూసే పరీక్ష ఇక మానేద్దామనుకుంటున్నాను. రోగి నొప్పి పడతాడు, నాకూ సరిగ్గా తెలియదు. ఇది తేలిక. మీ అంగీ చూసి నవ్వినవాడి కన్ను ఇంకా పచ్చి. నవ్వనివాడిది పండింది.

ఇది హాస్యం కాదు. నమ్మరని తెలుసు, అందుకే కింద రాస్తున్నాను.

హనీఫా